వైజ్ఞానిక నవల రూపొందే తీరు



కట్టడపు పనులకు వలస వచ్చిన కామాఠీల పేరే కామాఠీపురకు నిలిచింది. ఇక్కడి చాళ్లలో పెరిగే తెలుగు బిడ్డకు ఇంట తెలుగు, గల్లీలో మరాఠీ. ఖగోళ శాస్త్రజ్ఞుడు జయంత్ నార్లీకర్ కేంబ్రిడ్జిలో చదివివచ్చి, కొలాబాలోని టాటా పరిశోధన సంస్థలో పనిచేస్తూ, కథారచన మొదలుపెట్టింది ఆ మరాఠీలోనే. శాస్త్రానికి మాతృభాష చాలదని బెంగపడే తల్లిదండ్రులు గమనించదగిన విషయమిది.

1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తు కథల పోటీ పెట్టింది. పేరు చూసి బహుమతి ఇచ్చారన్న మాట రాకూడదని ఆయన తన పొడి అక్షరాలను తిరగవేసి, నారాయణ్ వినాయక్ జగతాప్ అనే మారుపేరుతో 'కృష్ణవివర్' పంపారు. దస్తూరీ గుర్తుపడతారని భార్య మంగళగారిచేత నకలు వ్రాయించారు. మొదటి బహుమతి ఆ కథకే వచ్చింది.

కృష్ణబిలం చెంత కాలం నెమ్మదిస్తుందన్నది శాస్త్రం. అటు వెళ్లివచ్చిన మనిషికి ఇంటివారు ఏ వయసులో ఎదురవుతారని అడిగితే కథ మొదలవుతుంది. నవలకు ఒక్క ప్రశ్న చాలదు. ప్రతి జవాబు నుండి మరో చిక్కు పుట్టాలి. 'వామన్ పరత్ న ఆలా'లో భూగర్భాన దొరికిన పేటిక నుండి ప్రాచీన నాగరికత విద్య బయటపడుతుంది. ఆ విద్యతో యంత్రమానవుడు తయారవుతాడు. వాని పేరు వామనుడు! మూడడుగుల కథ ఎరిగిన పాఠకునికి ముప్పును వేరుగా చెప్పనక్కరలేదు.

2014లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆయన ఆత్మకథ కూడా మరాఠీలో వ్రాసినదే.