మేపుట, కాయుట

నేటి వాక్యధ్యానము కొరకు యోహాను సువార్త 21వ అధ్యాయము 15 నుండి 17 వరకు గల వచనాలు మీ పరిశుద్ధ గ్రంథంలో తెరచి ఉంచుకోండి. వాక్యంలోనికి వెళ్లకముందు ఒక్కసారి నాతోకూడ చేపల చెరువు గట్టు మీదికి రండి.

కొల్లేరు చుట్టుపక్కల, కైకలూరు, ఆకివీడు ప్రాంతాల వారికి ఇది కొత్త సంగతి కాదు. శీలావతి, బొచ్చె పెంచే రైతు నూనె తీసిన తవుడు, చెక్క కలిపి సంచులలో నింపుతాడు. సంచి అడుగున చిన్న రంధ్రాలు చేసి, చెరువులో పాతిన గెడలకు వరుసగా కడతాడు. చేపలు వచ్చి ఆ రంధ్రాల దగ్గర మేతను లాక్కుని తింటాయి. ఎండైనా వానైనా రైతు నీటి మీదికి వెళ్లి ఈ పని చేయవలసిందే.

ఆ ప్రాంతంలో ఒక విశ్వాసికి చిన్న చెరువు ఉంది. వయసు మీదపడి మోకాళ్లు సహకరించడం లేదు. ఆయన కుమారుడు మెకానిక్కు. తండ్రి కష్టం చూడలేక ఒక యంత్రం చేయాలనుకున్నాడు. దానికి కావలసినవన్నీ పాత సామాన్ల కొట్టులోనే వెదికాడు. మేత పోయడానికి రంగుల కంపెనీ వారి 20 లీటర్ల ఖాళీ బకెట్టు. దాని అడుగున రంధ్రం చేసి, ఒక పి.వి.సి. గొట్టం అమర్చాడు. లావుపాటి ఇనుప తీగను స్ప్రింగులా చుట్టి ఆ గొట్టంలో పెట్టాడు. దానిని తిప్పడానికి పాత కారు వైపర్ మోటారు తగిలించాడు. అది 12 వోల్టుల బ్యాటరీతో నెమ్మదిగా, బలంగా తిరుగుతుంది. స్ప్రింగు తిరిగినప్పుడల్లా మేత గుళికలు ముందుకు జరిగి నీటిలో పడతాయి. మోటారు సైకిలు నుండి తీసిన బ్యాటరీ, దాన్ని చార్జి చేయడానికి చిన్న సోలార్ పలక. కొత్తగా కొన్నది టైమర్ ఒక్కటే.

అయిదు వేలమందిని పోషించిన తరువాత ప్రభువు, మిగిలిన ముక్కలు పోగు చేయుడని శిష్యులకు చెప్పలేదా? మనుష్యులు పారేసినది దేవుని బిడ్డ చేతిలో పనికి వస్తుంది.

ఇక కొలత సంగతి. పెరిగే చేపలకు సాధారణంగా 100 కిలోల బరువుకు రోజుకు 2, 3 కిలోల మేత చాలును. ఎక్కువైతే అది అడుగున కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. అందుచేత ఆ అబ్బాయి యంత్రాన్ని 10 సెకన్లు తిప్పి, పడిన మేతను తూకం వేశాడు. పూటకు ఎన్ని సెకన్లు తిరగాలో లెక్కగట్టి, ఉదయం 8 గంటలకు, సాయంత్రం 4 గంటలకు టైమర్ పెట్టాడు. యంత్రం చక్కగా పనిచేసింది. “నాన్నా, ఇక నువ్వు చెరువు దగ్గరకు రానక్కరలేదు” అన్నాడు.

అయినను ఆ తండ్రి రావడం మానలేదు. చేతికర్ర పట్టుకొని తెల్లవారకముందే గట్టు మీదికి వచ్చేవాడు. ఒకసారి రెండు రోజులు మబ్బు పట్టింది. ఎండ లేకపోతే నీటిలోని పచ్చని నాచు ప్రాణవాయువును చాలినంత తయారు చేయదు. రాత్రివేళ చేపలు, నాచు, అడుగు బురద అన్నీ ఉన్నదాన్ని వాడుకుంటాయి. తెల్లవారుజామున అది బాగా తగ్గిపోతుంది. ఆ వేకువ ఆయన చూసేసరికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. ఆయన వెంటనే బ్యాటరీ వైరు పీకేసి, ఇంజను వేయించి కొత్త నీరు పెట్టించాడు.

ఆయన రాకపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. 8 గంటలు కాగానే యంత్రం తిరిగేది. ఊపిరాడక చస్తున్న చేపల మీద సరిగ్గా కొలత ప్రకారమే మేత పోసేది. యంత్రంలో ఏ లోపమూ లేదు. అది మేపగలదు, చూడలేదు. సంచులు కట్టిన రోజుల్లో మేత మిగిలిపోతే, చేపలకు ఏదో అయిందని రైతుకు తెలిసేది. మేత వేయడానికి వెళ్లిన మనిషి ఒక కబురు తెచ్చుకునేవాడు. యంత్రం ఆ కబురు తేదు.

ఇప్పుడు వాక్యానికి రండి. తిబెరియ సముద్రతీరమున ప్రభువు పేతురును మూడుమారులు అడిగాడు, మూడుమారులు ఒక పని అప్పగించాడు. అయితే ఆ మాటలు మూడూ ఒకటి కావు. గ్రీకు మూలములో 15, 17 వచనాలలో ఉన్న మాటకు మేత పెట్టుట అని అర్థం. 16వ వచనంలోని మాట వేరు. గొఱ్ఱెల కాపరి చేసే పని అంతా అందులో ఉంది: వెంట నడచుట, లెక్క చూచుట, కుంటిదానిని గుర్తించుట, రాత్రివేళ మెలకువగా ఉండుట. మన తెలుగు బైబిలు అనువాదకులు ఈ భేదాన్ని పోనివ్వక ఒకచోట మేపుట అని, మరొకచోట కాయుట అని వేర్వేరుగా వ్రాశారు. ప్రభువు రెండూ అడిగాడు.

ప్రియ సహోదరుడా, సహోదరీ, నీ ఇంటిలో ఈ రెండూ జరుగుచున్నవా?

ఒక విధవరాలిని దర్శించినప్పుడు ఆ తల్లి నాతో అన్న మాట చెబుతాను. “అయ్యగారూ, మా అబ్బాయి ఒకటో తారీఖుకల్లా డబ్బు వేస్తాడండి. ఒక్క నెల తప్పలేదు. ఫోను చేసి ‘పడిందా అమ్మా’ అంటాడు. ‘తిన్నావా అమ్మా’ అని మాత్రం అడగడండి.” ఆ కుమారుడు చెడ్డవాడు కాడు. బ్యాంకులో ఏర్పాటు చేశాడు, అది నెలనెలా తిరుగుతూనే ఉంది. గట్టు మీదికి వచ్చి చూచేవారే లేరు.

హాస్టలులో బిడ్డను వేసి ఫీజు కట్టిన తండ్రీ, ఆ బిడ్డ నోరు తెరచి గాలి కోసం కొట్టుకుంటున్నదేమో చూశావా? సంఘ కాపరులారా, పెద్దలారా, ఆదివారం ప్రసంగం వేళకు అందుతున్నది సరే. మూడు వారాలుగా ఖాళీగా ఉన్న ఆ చోటు ఎవరిదో మీకు తెలుసా? మంద స్థితిని జాగ్రత్తగా తెలుసుకొమ్మని సామెతలు 27:23 మనకు చెబుతున్నది.

కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన గోదావరి జిల్లాల తల్లులు కొందరు ఈ మాటలు వింటూ కన్నీళ్లు పెట్టుకుంటారని నాకు తెలుసు. అమ్మా, నీవు రాలేవు. నీవు పంపే డబ్బు నీ బిడ్డల నోటిలో అన్నం. దానిని ప్రభువు చిన్నచూపు చూడడు. మోకాళ్లు నొప్పిపుట్టిన తండ్రికి ఆ యంత్రం మేలే చేసింది గదా! అయితే ఫోను చేసినప్పుడు లెక్కలు త్వరగా ముగించి, “ఈరోజు ఎందుకు నీ గొంతు అలా ఉంది?” అని అడుగు. అదియు కాయుటే. దగ్గరలో ఉండికూడా వెళ్లి చూడనివారు మాత్రం ఈ దినమే లేచి వెళ్లండి.

మన దేవుడు చేసినది చూడండి. ఆయన చెడ్డవారిమీదను మంచివారిమీదను సూర్యుని ఉదయింపజేయుచున్నాడు, వాన కురిపించుచున్నాడు. ఋతువులు వేళ తప్పక తిరుగుచున్నవి. అంతటితో చాలని ఆయన ఊరకుండలేదు. తానే గట్టు మీదికి వచ్చాడు. రాత్రంతా ఏమియు దొరకని శిష్యుల కొరకు వేకువనే ఒడ్డున నిలిచి, తినుటకు ఏమైనా ఉన్నదా అని అడిగాడు. నిప్పులమీద చేపను, రొట్టెను సిద్ధపరచాడు. తనను ఎరుగనన్న పేతురు ముఖములోనికి చూచి మాట్లాడాడు. ఆ చూపు పొందినవాడు గనుకనే, పేతురు తన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో సంఘ పెద్దలకు వ్రాసినప్పుడు, ప్రభువు తనకిచ్చిన ఆ కాయుట అనే మాటనే వారికి అప్పగించాడు.

ప్రార్థన చేసుకుందాం. ప్రేమగల తండ్రీ, వేళకు ఆహారమిచ్చి, వేకువనే మమ్మును చూడవచ్చు దేవా, నీకు స్తోత్రములు. మేము పోషించుచున్న వారిని చూచే కన్నులు మాకు దయచేయుము. చూచేవారు లేక ఊపిరాడనివారి యొద్దకు నేడే మమ్మును పంపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.