కార్ల్ నీల్సన్: జనుల నోట నిలిచిన పాట



డెన్మార్కు దేశపు సంగీతకర్తను గూర్చి కలకత్తా తెలుగువారి సభలో ప్రసంగింపనేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. హుగ్లీ యావలి యొడ్డున నున్న శ్రీరామపురము డేనులు 1755లో స్థాపించి, 1845లో ఆంగ్లేయులకు విక్రయించిన వర్తకస్థానము. కంపెనీవారు తమ సీమలో చోటీయని క్రైస్తవ ప్రచారకులకు డేనులు 1800లో అచ్చట ఆశ్రయమిచ్చిరి. విలియం కేరీ రచించిన తెలుగు వ్యాకరణము 1814లో అచ్చయినది ఆ ప్రచారకుల ముద్రణాలయముననే. కావున డేనులు మనకు బొత్తిగా పరాయివారు కారు.

కార్ల్ నీల్సన్ 1865 జూన్ 9వ తేదీన ఫ్యూన్ ద్వీపమందలి యొక పల్లెలో జన్మించెను. తండ్రి ఇండ్లకు రంగులు వేయువాడు. వేడుకలలో ఫిడేలు వాయించి మరికొంత గడించెడివాడు. పండ్రెండుగురు సంతానములో కార్ల్ ఏడవవాడు. 14వ యేట ఓడెన్స్ పట్టణపు సైనిక వాద్యబృందమున చేరి బాకా నూదెను. 1884లో కోపెన్‌హేగన్ సంగీత విద్యాలయమున ప్రవేశించెను. 1889 మొదలు 1905 వరకు రాజాస్థాన వాద్యబృందమున రెండవ వరుస ఫిడేలు వాద్యకాడుగా కొలువు చేసెను.

ఈ 16 సంవత్సరములు మనవంటి యుద్యోగులు ప్రత్యేకముగా గమనింపదగినవి. ఇతరుల రచనలను వాయించుట ఆతని జీవనోపాధి. తన రచన మిగిలిన వేళల పని. 1894లో ఆతని మొదటి సింఫనీని ప్రదర్శించిన దినమున, దానిని రచించినవాడు తన మామూలు స్థానముననే కూర్చుండి ఫిడేలు వాయించెను. 1901 నుండి ప్రభుత్వము సాలునకు 800 క్రోనర్ల భృతి నొసగెను. తరువాత నది పెరిగినది.

సింఫనీ యనగా అనేక వాద్యములు కూడి వినిపించు సుదీర్ఘ రచన. నీల్సన్ 1925 నాటికి అట్టివి ఆరు రచించెను. ప్రథమ ప్రపంచ యుద్ధకాలమున రచించి 1916లో వినిపించిన నాల్గవదానికి ‘ఆర్పరానిది’ అని పేరిడెను. అందు రెండు జతల భేరులు ఒకదానితో నొకటి తలపడును. 1922 నాటి ఐదవ సింఫనీలో ఒక డోలు వాద్యకాడు తక్కిన బృందమును ఆపివేయ నెంచినవానివలె యథేచ్ఛగా మ్రోగింపవలెను. అయినను సంగీతము ఆగదు. జీవశక్తిని ఏ విధ్వంసమును అణచజాలదన్నదే ఆతని విశ్వాసము.

ఇంతటి పండితుడు 290కి పైగా పాటలకు, కీర్తనలకు బాణీలు కట్టెను. థామస్ లౌబ్ అను చర్చి సంగీతజ్ఞునితో కలిసి 1915, 1917 సంవత్సరములలో డేనిష్ పాటల సంపుటములు వెలువరించెను. 1922లో జానపద విద్యాలయముల బాణీల పుస్తకమునకు తోడ్పడెను. శిక్షణ లేని కంఠమునకు సైతము అలవడునట్టి బాణీ కట్టుట సులభమనుకొనరాదు. ఘనరాగ పంచరత్నములు రచించిన త్యాగరాజస్వామియే భజనపరులకై దివ్యనామ కీర్తనలను సమకూర్చెను గదా!

నీల్సన్ 1931 అక్టోబరు 3వ తేదీన మరణించెను. 1940లో జర్మను సేనలు డెన్మార్కు నాక్రమించినవి. ఆ వేసవిని ప్రజలు ఉద్యానములలో వేలకొలదిగా గుమికూడి తమ దేశపు పాటలను పాడిరి. ఆ పాటలలో నీల్సన్ బాణీలును గలవు. సింఫనీలో ఆతడు చెప్పిన ‘ఆర్పరానిది’ జనుల గొంతులలో ప్రత్యక్షమైనది.

మనము నివసించు ఈ నగరము దీనిని ముందే యెరుగును. 1905లో వంగదేశమును విభజించిన నాడు రవీంద్రుని పాటలు కలకత్తా వీధులలో మారుమ్రోగినవి. నేటికిని వంగ గృహములలో పిల్లలు వానిని నేర్చుకొనుచున్నారు. ఇచ్చట పుట్టి పెరిగిన మన బిడ్డలును వానిని చక్కగా పాడుదురు. అది సంతోషింపదగిన విషయమే. కాని వారి నోట తెలుగు పాటలెన్ని గలవు? ఉత్సవములకు గాయకులను రప్పించి, విని, చప్పట్లు చరచి వెడలిపోవుచున్నాము. విన్న పాట ఇంటికి రాదు; పాడిన పాటయే వచ్చును.

కావున నా మనవి యొక్కటి. ఇకమీదట ప్రతి సమావేశమునను పెద్దలు, పిన్నలు అందరును కలిసి పాడదగిన తెలుగు పాట నొకదానిని నేర్చుకొందము. శ్రుతి కొంత తప్పినను కొరత లేదు. సంవత్సరమునకు పండ్రెండు పాటలైనను మన బిడ్డలకు దక్కును.