చత్వారము - తగిన దానము

(దేవస్థానం కల్యాణమండపంలో జరిగిన దాతల సమావేశంలో ఒక నేత్రవైద్యులు చేసిన ప్రసంగ పాఠం)



ఈ మండప ద్వారం వద్ద ఒక పెట్టె ఉన్నది. ‘మీరు వాడని కళ్ళజోళ్ళను ఇందులో వేయండి, పేద వృద్ధులకు చూపునివ్వండి’ అని దానిపై వ్రాసి ఉన్నది. దానిని ప్రారంభించవలసిందిగా నన్ను ఆహ్వానించారు. అంతకు ముందు ఆ పెట్టెను గురించి నాకు తోచినది సభలో చెప్పడానికి అనుమతి కోరాను. పెద్దమనసుతో అంగీకరించారు.

చత్వారమనే మాట మీకందరికీ తెలిసినదే. చత్వారింశత్ అంటే నలభై. ఆ వయసులో మొదలయ్యే చూపు మార్పుకు మన పెద్దలు వయసు పేరే పెట్టారు. కంటిలోని సహజ కటకం చిన్నతనంలో మెత్తగా ఉండి, దగ్గరి వస్తువును చూసేటప్పుడు ఉబ్బుతుంది. వయసుతోపాటు అది గట్టిపడి, ఉబ్బే గుణాన్ని క్రమంగా కోల్పోతుంది. అందుకే నలభై దాటినవారు పంచాంగాన్ని చేయి చాచి పట్టుకొని చదువుతారు. మరికొన్నేళ్ళకు ఆ చేయి పొడవు చాలదు. ఇది రోగం కాదు. ధనికునికీ వస్తుంది, కూలివానికీ వస్తుంది. పరిహారం కూడా అతి సులభమైనది. ఒక జత కుంభాకార కటకాలు, అనగా చదువుకొనే కళ్ళజోడు.

ఇంత సులభమైన వస్తువు ఎంతమందికి అందలేదో చెబితే మీరు ఆశ్చర్యపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చూపును గురించి ఒక సమగ్ర నివేదిక ప్రకటించింది. చత్వారం వచ్చి, తగిన కళ్ళజోడు లేక దగ్గరి చూపు కోల్పోయినవారు 82 కోట్ల 60 లక్షలమంది అని అందులో ఉన్నది. పశ్చిమ, తూర్పు, మధ్య ఆఫ్రికా ప్రాంతాలలో ఈ అవసరం తీరనివారు నూటికి 80మందికి పైగా ఉన్నారని, ఉత్తర అమెరికా, పశ్చిమ ఐరోపా వంటి సంపన్న ప్రాంతాలలో నూటికి 10మంది కన్న తక్కువేనని అదే సంస్థ అంచనా. కటకాలు గట్టిపడడం అంతటా ఒక్కటే. కళ్ళజోడు అందడంలోనే ఇంత తేడా. 2021 జూలైలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ అందరికీ చూపు అన్న లక్ష్యంతో తీర్మానం చేసింది. తీర్మానాలు మంచివే, కళ్ళజోడు మాత్రం ఊరి దాకా నడచి రావాలి.

చదువు రానివారికి చదువుకొనే కళ్ళజోడెందుకని కొందరు అడుగుతారు. అస్సాం తేయాకు తోటల్లో 40 ఏళ్ళు పైబడిన కూలీలపై జరిగిన ఒక అధ్యయనం 2018లో ప్రచురితమైంది. దగ్గరి చూపు కళ్ళజోడు ఇచ్చిన తరువాత వారు కోసే ఆకు, కళ్ళజోడు ఇవ్వనివారితో పోల్చితే సుమారు 22 శాతం ఎక్కువగా పెరిగింది. కోయవలసిన లేత చిగురు ఏదో, ముదురాకు ఏదో తేల్చుకొనడానికి అక్షరాలతో పని లేదు. బియ్యంలో రాళ్ళు ఏరే అవ్వకూ, మగ్గం మీద తెగిన పోగును అతికే నేతగానికీ, స్వామివారికి తులసిమాల కట్టేవారికీ అంతే.

ఇక అందకపోవడానికి కారణం డబ్బు ఒక్కటే అనుకొనకండి. మన రాష్ట్రాలలో ప్రభుత్వాలు చేసిన ప్రయత్నం తక్కువేమీ కాదు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే పేరుతో 2019 అక్టోబరు 10న మరొక పథకం వచ్చింది. ఊరూరా పరీక్షలు జరిపి కళ్ళజోళ్ళు ఇచ్చారు. హైదరాబాదులో 1987లో వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ గ్రామీణ యువతీయువకులకే శిక్షణనిచ్చి, పల్లెలకు దగ్గరలో కంటి పరీక్షా కేంద్రాలు నడుపుతున్నది. అయినా శిబిరానికి రాని పెద్దలు ఎందరో. ‘ఈ వయసులో నాకెందుకు నాయనా’ అంటారు. ఆ మాట విని మనమూ తలూపుతాము. ఆ తలూపినవారిలో నేనూ ఉన్నాను.

మా అమ్మగారు ప్రతి ఉదయం సుందరకాండ పారాయణ చేసేవారు. రెండు కళ్ళకూ శుక్లాల శస్త్రచికిత్స జరిగింది. గుడి గోపురం మీది కలశాలు లెక్కపెట్టగలుగుతున్నానని ఆమె సంతోషించారు, నేనూ సంతోషించాను. తరువాత కొన్నాళ్ళకు పుస్తకం తెరవడం మానేశారు. అడిగితే ‘పుస్తకమెందుకురా, అంతా నోటికి వచ్చినదే గదా’ అన్నారు. అది భక్తి పరిపాకమని నేను మురిసిపోయాను. కొన్ని నెలల తరువాత ఒక రాత్రి మందుబిళ్ళల అట్టను నా చేతికిచ్చి, ‘ఇది పొద్దుటిదా, రాత్రిదా’ అని అడిగినప్పుడు గాని అసలు సంగతి నాకు తట్టలేదు. శస్త్రచికిత్సలో సాధారణంగా అమర్చే కృత్రిమ కటకం దూరపు చూపుకు సరిపడేటట్లు లెక్కించినది. దగ్గరి చూపుకు కళ్ళజోడు కావలసిందే. రోజూ ఎందరికో చెప్పే ఈ మాటను ఇంట్లో చెప్పడం మరచాను. దీపం కింద చీకటి అన్నది నాకోసమే పుట్టిన సామెత. ఆ కొన్ని నెలలు ఆమె ఏ బిళ్ళలు ఎప్పుడు వేసుకొన్నారో నాకు నేటికీ తెలియదు.

ఇప్పుడు పెట్టె సంగతికి వస్తాను. పాత కళ్ళజోడు పాత దుప్పటి వంటిది కాదు. దుప్పటి ఎవరు కప్పుకొన్నా చలి కాస్తుంది. కళ్ళజోడు ఒక మనిషి రెండు కళ్ళకు, వాటి మధ్య దూరానికి, వాటిలోని వంపుకు కొలిచి చేసినది. అది మరొకరికి సరిపోవడం కాకతాళీయం. 2012లో ప్రచురితమైన ఒక పరిశీలనలో దానంగా వచ్చిన 275 కళ్ళజోళ్ళను తనిఖీ చేస్తే వాడుకకు పనికివచ్చినవి 7 శాతమే. మిగిలినవి గీతలు పడినవి, విరిగినవి, ఎవరికీ నప్పనివి. వాటిని కడిగి, కొలిచి, వేరుచేయడానికయ్యే ఖర్చు కొత్తవాటి ఖర్చును మించుతుంది. గీతాచార్యుడు 17వ అధ్యాయంలో సాత్త్విక దానానికి దేశము, కాలము, పాత్రము చూడాలన్నాడు. పాత్రత అనగానే మనం పుచ్చుకొనేవారి యోగ్యతను విచారిస్తాము. ఇచ్చే వస్తువు వారికి తగినదా అన్న విచారం మన మీదనే ఉన్నదని నేను అనుకొంటాను.

అందువలన పెట్టెను తీసివేయమనను, దాని మీది అక్షరాలు మార్చమంటాను. పాత జోళ్ళకు బదులు కొత్త జోళ్ళకు విరాళం స్వీకరించే హుండీగా దానిని ఉంచండి. టోకున కొంటే చదువుకొనే కళ్ళజోడు ఒకటి, కొబ్బరికాయ, పూలు, కర్పూరం కూడిన పూజాపళ్ళెం వెలకు అటూ ఇటూగా వస్తుంది. దాత పేరు దానిమీద చెక్కించే వీలు లేదు. ఆ లోటును మీరు క్షమించాలి.

ఒక హెచ్చరిక. దగ్గరి చూపు మందగించిన ప్రతివారికీ చత్వారం మాత్రమే ఉన్నదని అనుకొనరాదు. శుక్లాలు, నీటికాసులు, మధుమేహం వల్ల కంటి వెనుక పొరకు కలిగే హాని కూడా వృద్ధులలో ఎక్కువ. నీటికాసుల వలన పోయిన చూపు తిరిగి రాదు. తిరునాళ్ళలో అమ్మే రెడీమేడ్ జోడు రెండు కళ్ళకూ ఒకే పవరు గలది. రెండు కళ్ళూ సమంగా ఉన్నవారికి చదువుకొనడానికి పనికివస్తుంది, పరీక్షకు బదులు కాదు. కళ్ళజోడు పంచే ముందు పరీక్ష జరగాలని నేను పట్టుబట్టడం ఇందుకే.

వచ్చే పౌర్ణమి నాడు ఈ మండపంలోనే శిబిరం జరుగుతుంది. మీ ఇంటి పెద్దలను, మీ ఇంట పనిచేసే పెద్దలను కూడా తీసుకురండి. వద్దంటారు, ఒకటికి రెండుసార్లు అడగండి. తాము చూడగోరే వస్తువును వెంట తెచ్చుకొమ్మనండి. పారాయణ గ్రంథమైతే గ్రంథం, సూదిదారమైతే సూదిదారం, పూలబుట్ట అయితే పూలబుట్ట. వ్యాసపీఠం మీది పుస్తకానికీ, ఒడిలో కట్టే మాలకూ కంటినుండి దూరం ఒకటి కాదు, అందుకు కావలసిన పవరూ ఒకటి కాదు. ఆ దూరం అక్కడే కొలుస్తాము. మందులు వాడుతున్నవారు బిళ్ళల అట్టను కూడా తెచ్చుకోవాలి. దాని మీది అక్షరాలు వారిచేతనే చదివిస్తాము.