కోడిపిల్ల పోతే గద్దని తిట్టి ఊరుకోవద్దు

(మహిళా రైతుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఇదే వేదిక మీద గిట్టుబాటు ధర గురించి మాట్లాడాను, కౌలు రైతుల గుర్తింపు కార్డుల గురించి మాట్లాడాను. ఈసారి కోడిపిల్లల గురించి మాట్లాడతానంటే మన సంఘంలోనే ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వితే నవ్వారు. ఒక్క మాట అడుగుతాను, జవాబు చెప్పండి. పత్తి డబ్బు ఇంకా చేతికి రాలేదు. పిల్లకి నోటు పుస్తకాలు కొనాలి, అత్తని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అప్పుడు ఇంట్లో డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? చాలా ఇళ్లల్లో రెండు కోళ్లు అమ్మితే వస్తుంది. అది ఆడమనిషి కొంగున ముడేసుకునే డబ్బు. ఎరువుల కొట్టు బాకీలో జమ కట్టుకోవడానికి ఎవరికీ దొరకని డబ్బు. అది పోతుంటే మాట్లాడటం సంఘం పనే.

నేను చదివింది పదో తరగతే. అయినా లెక్క రాసే అలవాటు ఉంది. మూడేళ్ల కిందట ఒక పాత నోటు పుస్తకంలో కోళ్ల లెక్క మొదలుపెట్టాను. ఆ ఏడు రెండు పెట్టల్ని పొదగేశాను. మొత్తం 23 పిల్లలు లేచాయి. రెండు నెలలయ్యేసరికి మిగిలినవి ఏడు. పోయిన 16 ఎలా పోయాయో ఏ రోజుకారోజు రాశాను. గద్దా, కాకీ కలిసి ఆరింటిని తన్నుకుపోయాయి. పిల్లి నాలుగు, పందికొక్కు మూడు ఎత్తుకుపోయాయి. జబ్బుతో రెండు చచ్చాయి. గేదె కాలు కింద పడి ఒకటి పోయింది.

ఆ లెక్క చూసేదాకా నేనూ అందరిలాగే అనుకునేదాన్ని. దక్కేవి దక్కుతాయి, పోయేవి పోతాయి, మన చేతుల్లో ఏముంది అని. లెక్క చూశాక తెలిసింది. 16లో 13 పిల్లల్ని ఏదో ఒక జీవి ఎత్తుకుపోయింది. అందులోనూ ఎక్కువ మొదటి మూడు వారాల్లోనే పోయాయి. అన్నీ బతుకుతాయని నేను అనను. ఆ 16లో సగం దక్కి, కిలోన్నరకి వచ్చి, ఒక్కోటి ఆరు వందలకి అమ్మినా నాలుగు వేల ఎనిమిది వందలు. ఆ డబ్బుని తలరాత అని వదిలేశాను చూడండి, అదీ నా తప్పు.

ముందు దొంగ ఎవరో తెలుసుకోవాలి. పగలు పోయిందా, రాత్రి పోయిందా అన్నది మొదటి ప్రశ్న. పగలు, ఆరుబయట, ఒక్క పిల్ల మాయమైందంటే గద్దో, డేగో, కాకో అయ్యుండాలి. లేదంటే గోడ పక్కన పొంచి ఉన్న పిల్లి. రాత్రి గూట్లోంచి ఈక కూడా మిగలకుండా పోయిందంటే పామైనా మింగి ఉండాలి, పందికొక్కైనా బొరియలోకి ఈడ్చుకుపోయి ఉండాలి. గూడు మూలల్లో, గోడ వారన కొత్త మట్టి పడి ఉందేమో చూడండి. ఒకే రాత్రి నాలుగైదు చచ్చి, మెడ దగ్గర గాట్లుండి, తినకుండా వదిలేసి ఉంటే ముంగిస మీద అనుమానపడాలి. ఈకలు వాకిలంతా చిమ్మి ఉంటే కుక్క. ఇవి తెలియకుండా ఎంత ఖర్చు పెట్టినా దండగే. గద్దకి పైకప్పు కావాలి, పందికొక్కుకి అడుగు గట్టిగా ఉండాలి. పైన వల కట్టి కింద మట్టినేల వదిలేస్తే కోళ్లని పందికొక్కుకి అప్పగించినట్టే.

మన గంప మంచిదే. మా అమ్మ అన్ని పిల్లల్నీ గంప కిందే సాకింది. కానీ గంప పగటికి పనికొస్తుంది, రాత్రికి చాలదు. అల్లిక సందుల్లోంచి పిల్లి పంజా పెట్టి లాగుతుంది. పైన రాయి పెట్టకపోతే కుక్క దొర్లించేస్తుంది. కింద మట్టినేల అయితే పందికొక్కు తవ్వుకుని వస్తుంది.

అందుకే రెండో ఏడు ఒక పెట్టె చేయించాను. నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. కర్రలు మావే, సర్వీ వాసాలు. చుట్టూ, పైనా, అడుగునా అర అంగుళం కన్ను ఉన్న వెల్డింగ్ జాలి కొట్టాం. అడుగున జాలి మీద పాత గోనెపట్టా పరిచి వరి ఊక పోశాం. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కొట్లో కోళ్ల జాలి అని ఆరు మూలల కన్ను ఉన్న సన్న తీగ జాలి ఇస్తారు. అది కోడి బయటికి పోకుండా ఆపుతుందే గానీ కుక్క లోపలికి రాకుండా ఆపదు. పళ్లతో లాగితే చినుగుతుంది. ఎలుకలు కన్నుల్లోంచే దూరతాయి. డబ్బులు కాస్త ఎక్కువైనా వెల్డింగ్ జాలే తీసుకోండి. పెట్టెని నేల మీద పెట్టకుండా రెండున్నర అడుగుల ఎత్తు కాళ్ల మీద నిలబెట్టాం. కాళ్లకి పాత నూనె డబ్బాల రేకు చుట్టాం, ఎలుక పాక్కుంటూ ఎక్కకుండా. తలుపుకి తాడు కాదు, గడియ పెట్టాం. జాలీ, మేకులూ, గడియా కలిపి పదిహేను వందల లోపే అయింది. రెండు పిల్లల కోళ్లు దాని పిల్లలతో సహా పడుకుంటాయి. పెద్ద పాము కూడా ఆ జాలిలో దూరలేదు.

పెట్టె ఒక్కటే ఉంటే చాలదు, పద్ధతి కూడా కావాలి. మొదటి రెండు వారాలు తల్లినీ పిల్లల్నీ పగలు కూడా జాలి కిందే ఉంచుతాను. మూడో వారం నుంచి సాయంత్రం పూట రెండు గంటలు, మనిషి వాకిట్లో ఉన్నప్పుడే వదులుతాను. ఆరు వారాలు దాటాక గానీ పూర్తిగా వదలను. మునిమాపు పడకముందే లోపలికి తోలి, లెక్కపెట్టి గడియ వేస్తాను. రాత్రి లోపల గింజ మిగలనివ్వను. నూకల వాసనకి ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది.

పగటి గద్దకి కూడా ఉపాయం ఉంది. గద్ద ఆరుబయలు చూసి దిగుతుంది. పిల్లలు తిరిగే చోట నీడా, చాటూ ఉంటే దిగడానికి జంకుతుంది. చిక్కుడు పందిరి, సొర పందిరి పెరట్లో వేసుకోండి. కూరా వస్తుంది, కోడికి చాటూ దొరుకుతుంది. పందిరి లేనివాళ్లు పాత చేపల వల నాలుగు గుంజలకి కట్టుకోవచ్చు. కందికంప మూలల్లో వాల్చి పెట్టినా తల్లి కుర్ మనగానే పిల్లలు దాని కిందికి దూరతాయి. పిల్లలకి గులాబీ రంగు పూయడం, చచ్చిన కాకిని వేలాడదీయడం నేనూ చేసి చూశాను. నాలుగు రోజులు భయపడింది, ఐదో రోజు మామూలే. చలికాలం చివర నుంచి ఎండాకాలం మొదటి దాకా గద్దలు గూళ్లు కట్టి పిల్లల్ని మేపుతుంటాయి. దాని పిల్లలకి తిండి కావాలి కాబట్టి మన పిల్లల మీదికి ఎక్కువగా వస్తుంది. ఆ నెలల్లో పొదగేస్తే కాపలా రెండింతలు ఉండాలి.

వనరాజా, గ్రామప్రియ కోళ్లు పెంచేవాళ్లకి ఒక మాట. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వాటిని తయారు చేసింది. రంగు ఈకలు, పొడుగు కాళ్లు, పరిగెత్తి తప్పించుకోగలవు. కానీ ఆ పెట్టలు పొదగడానికి దాదాపు కూర్చోవు. వాటి గుడ్లని మన నాటు పెట్ట కింద పెట్టండి. గద్ద మీదికి ఎగిరి తన్నే తల్లి నాటు పెట్టే. తల్లి లేని పిల్లల్ని తెచ్చుకుంటే ఇరవై పిల్లలకి అరవై వాట్ల పాత బల్బు పెట్టండి. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది గానీ వేడి ఇవ్వదు. పిల్లలు బల్బు కింద కుప్పగా చేరితే చలి ఎక్కువైనట్టు, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువైనట్టు.

ఇక చేయకూడనిది చెప్పాలి. మా వీధిలో ఒకాయన కోపం పట్టలేక చచ్చిన పిల్లకి గుళికల మందు పట్టించి గోడ పక్కన పెట్టాడు. పిల్లి చావలేదు. వాళ్ల కుక్క చచ్చింది, పక్కింటి రెండు పెట్టలు చచ్చాయి. అక్కడ ఆడుకునే పసిపిల్లలు చెయ్యి పెట్టి ఉంటే ఏమయ్యేది? ఇంకొందరు కంచెకి కరెంటు పెడతారు. ఆ కంచె మనుషుల్ని కూడా చంపుతుంది. గద్ద, ముంగిస, ఉడుము 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉన్నాయి, చంపితే కేసు. చట్టం సంగతి పక్కన పెట్టినా, గద్దా, ముంగిసా, జెర్రిపోతూ మన పొలంలో ఎలుకల్ని తినేవే. పెరట్లో శత్రువనుకున్నది చేలో కాపలాదారు. దాన్ని చంపి చేసేదేముంది? మన పిల్లల్ని దానికి అందకుండా పెట్టుకుందాం.

ఇదంతా ఒక్క ఇంటి పని అనుకోకండి. మా వీధిలో ఐదు ఇళ్లవాళ్లం కలిసి ఒకే వారంలో కోళ్లని పొదగేశాం. 21 రోజులకి అందరి పిల్లలూ ఒకేసారి లేచాయి. సాయంత్రం కాపలా వంతులేసుకున్నాం. ఇంకో లాభం కూడా వచ్చింది. కొక్కెర తెగులు టీకా సీసాలో వంద డోసులో, అంతకు మించో ఉంటాయి. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది పిల్లలున్న ఇంటికి సీసా తెరిచేవాళ్లు ఎవరు? ఐదిళ్ల పిల్లలు కలిసేసరికి ఏడు రోజుల లోపు కంట్లో చుక్క అందరికీ పడింది. ఎనిమిదో వారం సూది కూడా అలాగే వేయించుకున్నాం. ఆ ఏడు మా ఇంట్లో 24 పిల్లలు లేస్తే 19 నిలబడ్డాయి. ఒకదాన్ని గద్ద తీసుకుపోయింది, అది నేను వాకిట్లోంచి లోపలికి వెళ్లిన ఐదు నిమిషాల్లో. మిగతా నాలుగూ నలతతో పోయాయి. లెక్క దాచను.

ఇప్పుడు ప్రభుత్వం సంగతి. ఒక ఏడు మా వైపు పథకం కింద రోజు పిల్లల్ని అట్టపెట్టెల్లో పెట్టి పంచారు. గూడు లేదు, బల్బు లేదు, ఎలా పెంచాలో చెప్పినవాళ్లు లేరు. మూడు వారాల్లో చాలా ఇళ్లల్లో ఒక్కటీ మిగల్లేదు. తర్వాత ఏమన్నారు? ఈ ఆడవాళ్లకి పెంచడం చేతకాలేదు అన్నారు. తల్లి లేని పిల్లని గద్ద ముందు వదిలింది ఎవరు? 2014లో మొదలైన జాతీయ పశుగణ మిషన్‌లో పెరటి కోళ్ల పిల్లల్ని తల్లి యూనిట్లలో నాలుగు వారాలు పెంచాకే ఇవ్వాలని రాసుకున్నారు. 2005 ఉపాధి హామీ చట్టం షెడ్యూల్‌లో పేద కుటుంబాలకి పశువుల పాకతో పాటు కోళ్ల షెడ్డు కూడా రాశారు. రాసినవి మన పెరటి దాకా ఎందుకు రాలేదో అడగాల్సింది మనమే.

అందుకని ఈ సదస్సు ముందు మూడు కోర్కెలు పెడుతున్నాను. ఒకటి, పంచే పిల్లలు నాలుగు వారాలు దాటినవే కావాలి, వాటితో పాటు రాత్రి గూడు ఇవ్వాలి. రెండు, ఉపాధి పనుల్లో కోళ్ల గూళ్లని ప్రతి పంచాయతీ పనుల జాబితాలో చేర్చాలి. మూడు, నెలకొక ఖాయమైన రోజున ఊరికి టీకా రావాలి. ఆ రోజు ముందే తెలిస్తే మనం దానికి తగ్గట్టు పొదగేసుకుంటాం.

ప్రభుత్వాన్ని అడిగేది అడుగుదాం. ఈలోగా మనం చేసుకోవాల్సింది కూడా ఉంది. ఇంటికెళ్లాక ఒక పాత నోటు పుస్తకం తీయండి. ఎన్ని గుడ్లు పెట్టారు, ఎన్ని లేచాయి, ఏది ఏ రోజు ఎలా పోయింది, రాయండి. రాయడం రానివాళ్లు పిల్లల చేత రాయించండి. వచ్చే సమావేశానికి ఆ పుస్తకాలు తీసుకురండి. అధికారి ముందు కూర్చున్నప్పుడు మా కోళ్లు పోతున్నాయని ఏడవడం వేరు, మా ఊళ్లో ఇన్ని పిల్లలు పోయాయి, ఇంత డబ్బు పోయింది, ఇదిగో లెక్క అని బల్ల మీద పెట్టడం వేరు. లెక్క పెడితే వాళ్లు జవాబు చెప్పక తప్పదు.

పొద్దు వాలుతోంది. నేనూ ఇంటికెళ్లి గడియ వేసుకోవాలి. సెలవు.