సెలవుల్లో గూడేమే బడి



ఏప్రిల్ చివర్లో బడులు మూయగానే ఆశ్రమ పాఠశాలల్లోని మన పిల్లలు పెట్టెలు సర్దుకొని గూడేలకు వస్తారు. మళ్లీ జూన్ రెండో వారం దాకా ఇంటి దగ్గరే ఉంటారు. పుస్తకం ముట్టకపోతే ఈ రోజుల్లో చదవడం, లెక్క చేయడం మందగిస్తాయి. ఇంకో సంగతి కూడా ఉంది. అమ్మతో, నాయనతో, అవ్వతో రోజంతా గోండిలో మాట్లాడే అవకాశం పిల్లలకు ఏడాదిలో ఎక్కువగా దొరికేది ఇప్పుడే. ఆ సమయం మొత్తం సెల్‌ఫోన్ తినేస్తే బడి చదువూ పోతుంది, ఇంటి భాషా పోతుంది.

ట్యూషన్ పెట్టమని నేను చెప్పడం లేదు. సెలవుల్లో కూడా బెత్తం, బ్లాక్‌బోర్డు చూపిస్తే పిల్లలు వాగు దాటి పారిపోతారు. ఆటలో, పనిలో, పాటలో ఉన్న చదువును బయటికి తీస్తే చాలు.

ముందు ఆట సంగతి చూద్దాం. పులి-మేక ఆటకు నేల మీద గీతలు గీస్తే సరిపోతుంది. 3 పులులకు 3 పెద్ద రాళ్లు, 15 మేకలకు 15 చిన్న రాళ్లు కావాలి. ఎదుటివాడు తర్వాత ఏం చేస్తాడో రెండు ఎత్తుల ముందే ఆలోచించడం ఈ ఆటలో వస్తుంది. వామనగుంటల్లో గింజలు పంచుతుంటే కూడిక, తీసివేత చేతివేళ్లకే అలవాటవుతాయి. గింజలను గోండిలో లెక్కపెట్టించండి: ఉండి, రండ్, ముండ్, నాలుంగ్, సైయుంగ్, సారుంగ్, ఏడుంగ్. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు మనకున్నాయి కాబట్టి, ఆ అంకెల దగ్గరే పిల్లవాడికి తన సగ ఏదో, తన పేరు ఏదో చెప్పవచ్చు.

ఇక పని. వేసవి తునికాకు కాలం. పిల్లలను కూలికి పంపవద్దు. ఇంటికి వచ్చిన ఆకు దగ్గర మాత్రం కూర్చోబెట్టండి. కట్టకు 50 ఆకులైతే 100 కట్టలకు ఎన్ని ఆకులు? ఈ ఏడు 100 కట్టలకు రేటు ఎంత? మన ఇంటికి ఎంత రావాలి? ఐదో తరగతి పిల్ల ఆ లెక్కను నోటుబుక్కులో రాసి పెట్టుకుంటే, కల్లం దగ్గర వాళ్ల నాయనను మోసం చేయడం అంత తేలిక కాదు. గుణకారం ఎందుకు నేర్చుకోవాలో ఆ పిల్లకు వేరే చెప్పనక్కర్లేదు.

మూడోది కథ. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశస్తులు హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి గోదావరి జలం తెస్తారు. ఆ దారిలో నడిచిన పెద్దను పిలిచి చెప్పించండి. ఏయే ఊళ్లు వస్తాయో, ఎక్కడ రాత్రి ఆగుతారో వింటూ పిల్లలు దారి పటం గీస్తారు. ప్రధాన్‌లు కిక్రీ వాయించి చెప్పే కథను ఫోన్‌లో రికార్డు చేసి, విన్నది ఐదు వాక్యాల్లో రాయమనండి. ఫోన్ అప్పుడు పనికొచ్చే వస్తువవుతుంది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన మన లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఆ లిపిలో ప్రతి పిల్లా తన పేరు, అమ్మ పేరు రాయగలిగితే ఈ వేసవికి అదే పెద్ద పండుగ.

దీనికి ఖర్చు లేదు. పొద్దున్నే ఏడు నుంచి తొమ్మిది దాకా, ఎండ ముదరకముందే, చెట్టు కింద ఇద్దరు కూర్చుంటే చాలు. ఒకరు చిన్నవాళ్లను, ఒకరు పెద్దవాళ్లను చూసుకోవాలి. చెరువు, వాగు వైపు వెళ్తే పెద్దవాళ్లు తోడు లేకుండా పంపవద్దు.

ఇంటర్, డిగ్రీ, బీఈడీ చదువుతూ మీరూ ఇవే సెలవులకు ఊరొస్తారు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. 1940ల్లో హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయిలో ఉన్నప్పుడు అక్కడ గోండు యువకులకే శిక్షణ ఇచ్చి పంతుళ్లను చేశారు. రోడ్లు, కరెంటు లేని రోజుల్లో మన పిల్లలకు మన భాషలో అక్షరం చెప్పింది మీ వయసువాళ్లే. వాళ్లు ఏళ్ల తరబడి చేసిన పనిలో మీ వంతుకు రోజుకు రెండు గంటలే వస్తాయి. ఊరికి ఇద్దరు చొప్పున ఈ రోజే పేర్లు ఇవ్వండి.

జై సేవా.