నాలుగు చక్రాలకూ శక్తి
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)

నేను హోసూరులో కార్లు బాగుచేసే మనిషిని. నాకు తెలిసిన సంగతే చెబుతాను.

డిప్లొమా ముగించి ఒక వర్క్‌షాపులో చేరిన కొత్తల్లో, దారిలో ఆగిపోయిన ఒక ఆటోమేటిక్ కారును తెమ్మని నన్ను పంపారు. ముందు చక్రాలను పైకెత్తి కట్టేసి, వెనక చక్రాల మీద 30 కిలోమీటర్లు లాక్కొచ్చాను. ముందు చక్రాలతో నడిచే బండికైతే అది సరైన పద్ధతే. ఇది నాలుగు చక్రాలతో నడిచే బండి. వచ్చేసరికి కింద మాడు వాసన! ఆరు నెలలు నా జీతంలో కోత పడింది. అమ్మ ఒక్క మాట అనలేదు. చీటీ డబ్బు మాత్రం ఆ నెలనుంచి కట్టలేకపోయింది.

ఇలాంటి బండిలో ఇంజను శక్తి టార్క్ కన్వర్టర్ అనే నూనె డబ్బా గుండా గేర్లకు చేరుతుంది. అక్కడినుంచి ముందు చక్రాలకు ఒక దారి, పొడవాటి షాఫ్టు మీదుగా వెనక చక్రాలకు ఇంకొక దారి. రెంటినీ గట్టిగా బిగించేస్తే పోదా? పోదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. ఆ తేడాకు చోటివ్వకపోతే టైర్లు ఈడుస్తాయి, గేర్ల మీద భారం పడుతుంది.

అందుకే మధ్యలో కొంచెం జారే భాగం పెడతారు. నేను లాగిన కారులో అది విస్కస్ కప్లింగ్. చిక్కటి సిలికాన్ ద్రవంలో పలచటి పళ్లేలు. సగం ముందు చక్రాలవి, సగం వెనకవి. వేగాల్లో తేడా వస్తే ద్రవం అడ్డుపడి శక్తిని అవతలికి చేరుస్తుంది. తేడా కాసేపైతే సరే. నేను ముందువాటిని కట్టేసి, వెనకవాటిని దారి పొడుగునా తిప్పాను. ద్రవం కాగిపోయింది. ఇప్పటి చాలా కార్లలో దీని బదులు కంప్యూటర్ నొక్కి వదిలే క్లచ్ ఉంటుంది. ఎక్కువసేపు జారితే అదీ వేడెక్కేదే.

అమ్మా, అయ్యా, ఇంట్లో ఇలాంటి కారుంటే రెండు మాటలు. అరిగిన రెండు టైర్లే మార్చకండి. చుట్టుకొలత తేడాతో ఆ భాగం తిన్నటి రోడ్డు మీద కూడా జారుతూనే ఉంటుంది. ఆగిపోతే నాలుగు చక్రాలూ పైన ఉండేలా లారీ మీద ఎక్కించండి. ఇంకొకటి, బ్రేకు వేస్తే ఈ ఏర్పాటు ఏమీ సాయపడదు. వానలో మెల్లగానే పోవాలి.

ఆ కాలిన కప్లింగ్ కోయించి దాచుకొన్నాను. ఈ బల్ల మీదే ఉంది. సభ అయ్యాక పిల్లలు వచ్చి పళ్లేలు చూడవచ్చు. అంచులు పదును, చేతులు జాగ్రత్త.