గాలిని కడిగే క్షణికులు
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



రైల్వే గుమాస్తాకు రసాయనశాస్త్రంతో పనేమిటని మీకు తోచవచ్చు. నా చదువు మెట్రిక్యులేషనుతో ఆగిన మాట నిజమే. అయినా గాలి పీల్చే ప్రతివారికీ గాలి సంగతి కొంత తెలిసి వుండాలి గదా!

నీటి అణువులోనుంచి ఒక ఉదజని పరమాణువు ఊడిపోతే మిగిలేదాన్ని హైడ్రాక్సిల్ అంటారు. దానిలో జత కుదరని ఎలక్ట్రాను ఒకటి వుంటుంది. అందుచేత ఎదురుపడిన అనేక వాయువులతో చటుక్కున కలిసిపోతుంది. ఇటువంటివాటికి రాడికల్సు అని పేరు. ఎండ తగిలినప్పుడు ఓజోను, నీటి ఆవిరి కారణంగా ఇది గాలిలో పుడుతుంది. దీని ఆయుర్దాయం ఇంచుమించు ఒక్క సెకండు. ఘన సెంటీమీటరు గాలిలో మొత్తం అణువులు రెండున్నర లక్షల కోటికోట్లుంటే, హైడ్రాక్సిల్ అణువులు పదిలక్షల లెక్కన మాత్రమే వుంటాయి. అయినా పొగలోని కార్బన్ మోనాక్సైడును, వరిమళ్లలోనుంచి లేచే మీథేనును మార్చివేసి గాలిని శుభ్రపరచేది ముఖ్యంగా ఇదే. ఈ సంగతిని 1971లో హిరాం లెవీ అనే శాస్త్రజ్ఞుడు సూచించాడు.

మరి, సెకండు నిలవనిదాన్ని చూడటమెట్లా? స్టేషనులో ఆగని మెయిలుబండిని తలుచుకోండి. దాన్ని ఎవరూ ఆపి చూడరు. దీపాలు చూసి గుర్తించి, దాటిపోయిన వేళ రిజిస్టరులో రాస్తారు. శాస్త్రజ్ఞులు చేసేవీ ఆ రెండు పనులే. ప్రతి అణువూ తనకు చెందిన కొన్ని రంగుల వెలుగునే మింగుతుంది, వాటినే వెలిగిస్తుంది. ఆ గీతల వరుసే వర్ణపటం. 1949 ప్రాంతంలో కేంబ్రిడ్జిలో నారిష్, పోర్టరు ఒక మెరుపుతో అణువులను పగులగొట్టి, లిప్తపాటులో రెండో మెరుపుతో ఆ తునకల వర్ణపటాన్ని ఫోటో తీశారు. రెండు మెరుపుల మధ్య వ్యవధి మారుస్తూ పోతే తునకలు ఎంత త్వరగా తరుగుతున్నవో తెలిసిపోతుంది. 1967లో వారికి, జర్మనీ శాస్త్రజ్ఞుడు ఐగెనుకు కలిపి నోబెల్ బహుమానం వచ్చింది.

ఈ విద్యలో మనవారి పాలు తక్కువేమీ కాదు. వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కొచ్చెర్లకోట రంగధామరావుగారు వర్ణపట పరిశోధనను నెలకొల్పారు. కర్బనం ఒకటి, ఫ్లోరిన్ రెండు గల రాడికల్ వెలిగించే పట్టీలను గురించి పుచ్చా వెంకటేశ్వర్లుగారు 1950లో ‘ఫిజికల్ రివ్యూ’ పత్రికలో ప్రకటించారు. తరువాత కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆచార్యులుగా పనిచేశారు. నేడు ఎలక్ట్రానిక్ చిప్పులను చెక్కే యంత్రాలలో ఆ రాడికల్‌ది ముఖ్యమైన పాత్ర. ఈ బెంగుళూరులో చిప్పుల నమూనాలు గీసే మన పిల్లలకు ఆయన పేరు తెలియటం న్యాయం.

మనకు కూడుగుడ్డలిచ్చిన ఈ కన్నడదేశపు వారి సంగతి కూడా చెప్పాలి. మైసూరు విశ్వవిద్యాలయంలో చదువుకున్న ఎ. ఆర్. రవిశంకరగారు అమెరికాలో హైడ్రాక్సిల్ ఏ వాయువుతో ఎంత వేగంగా కలుస్తుందో ఏళ్ల తరబడి కొలిచారు. 2009లో ఆయన, ఆయన సహచరులు ఒక హెచ్చరిక చేశారు: మనుషులు వదిలే వాయువులలో ఓజోనుకు ఇప్పుడు అన్నిటికంటె ఎక్కువ హాని చేసేది నైట్రస్ ఆక్సైడు. హైడ్రాక్సిల్ దాని జోలికి దాదాపు పోదు. అందువల్ల అది నూరేళ్లకు పైగా నిలిచి, పైకెక్కి, మనల్ని ఎండ విషంనుంచి కాచే ఓజోను గొడుగును కొరుకుతుంది. ఫ్రిజ్‌లలోని క్లోరిన్ వాయువులకు 1987 మాంట్రియల్ ఒప్పందం కళ్లెం వేసింది గాని, దీనికి వేయలేదు.

మనుషుల మూలంగా ఇది ఎక్కువగా పుట్టేది పొలాల్లో. పైరు తాగగా మిగిలిన నత్రజని ఎరువును నేలలోని సూక్ష్మజీవులు ఈ వాయువుగా మారుస్తాయి. మనలో చాలామందికి ఊళ్లో ఇంకా మడిచెక్క వుంది. అన్నదమ్ములో కౌలుదార్లో చేస్తున్నారు. పొలం వదిలి వచ్చినవాడు సలహా చెబితే రైతుకు కోపం రావటం సహజం. అయినా పక్క చేనుకంటె పచ్చగా కనబడాలని మరో బస్తా యూరియా చల్లబోయేముందు, భూసార పరీక్ష చేయించమని చెప్పటం మన విధి. ఆ బస్తాతో పోయేది డబ్బు ఒక్కటే కాదు. సెకండు బ్రతికేది మనకు మేలు చేసిపోతున్నది. మనం నేడు వదిలే నైట్రస్ ఆక్సైడు మనుమల కాలం దాకా వుంటుంది.